అయిదు సవర్ల మాట



ప్రియ పాఠకులారా! గడచిన షాబాన్ మాసంలో ఒకనాడు అస్ర్ నమాజు ముగిసిన తరువాత ఇద్దరు అన్నదమ్ములు మా మద్రసా వరండాలోకి వచ్చి కూర్చున్నారు. ఇద్దరివీ నెరసిన గడ్డాలే. వారి తల్లి మరణించి అప్పటికి నెల కూడా కాలేదు. కొంతసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక పెద్దవాడు గొంతు సవరించుకొని విషయం చెప్పాడు.

"హజ్రత్, అమ్మ పోయేముందు ఒక మాట చెప్పింది. మీ నాయన నా మహర్ ఇవ్వలేదు, నేను అడగలేదు, మాఫీ కూడా చేయలేదు అన్నది. నాయన పోయి పన్నెండేళ్ళయింది. ఆయన మీద ఆ అప్పు ఉండకూడదు. ఎంతో చూసి చెప్పండి, తీర్చేస్తాం. లెక్క మసీదు దఫ్తరులో ఉంటుంది గదా!"

ఆ మాట వినగానే నా గుండె కలుక్కుమన్నది. కారణం తరువాత చెబుతాను. ముందు ఈ సమస్య స్వరూపం పాఠకులకు తెలియాలి.

మహర్ భర్త మీద భార్యకు గల హక్కు. అది చెల్లించకుండానే భర్త మరణిస్తే మిగిలిన అప్పులవలెనే అదీ అతని ఆస్తిపై నిలిచిన అప్పు అవుతుంది. వారసులు ఆస్తి పంచుకోవడానికి ముందే అది తీరాలి. భార్య కూడా మరణిస్తే ఆ హక్కు ఆమె వారసులకు చెందుతుంది. ఇంతవరకు విషయం సులువే. అయితే ఈ తల్లికి వీరి తండ్రితో జరిగినది రెండవ నికాహ్. మొదటి భర్త చిన్న వయసులోనే మరణించాడు. అప్పటికి ఆమె ఒడిలో రెండేళ్ళ ఆడపిల్ల ఉన్నది. ఆ పిల్ల ఇప్పుడు అరవై దాటిన ముదుసలి. సవతి తండ్రి ఆస్తిలో ఆమెకు వాటా లేదు. కాని తల్లికి రావలసిన మహర్‌లో ఉన్నది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు గనుక అయిదు భాగాలు చేస్తే కొడుకులకు రెండేసి, కూతురికి ఒకటి. అందుచేత మహర్ ఎంత అన్న ప్రశ్న ఆ అక్క హక్కు ఎంత అన్న ప్రశ్నే.

"నాయన ఎప్పుడైనా చెప్పాడా?" అని అడిగాను.

"చెప్పాడు. అయిదు వందలు అన్నట్టు నాకు జ్ఞాపకం" అన్నాడు పెద్దవాడు. చిన్నవాడు తల వంచుకొని, "అక్క మాత్రం అమ్మ నోట బంగారం అన్న మాట విన్నానంటున్నది హజ్రత్" అన్నాడు.

అయిదు వందల రూపాయలైతే అక్క వాటా నూరు రూపాయలు. బంగారమైతే లెక్క వేరు. దఫ్తరు చూడక తప్పదు.

ఇప్పుడు నా గుండె కలుక్కుమన్న కారణం చెబుతాను. మసీదు బాగు చేయించిన సంవత్సరం పాత సామానంతా మద్రసా వెనుక గదిలో పెట్టించాము. నికాహ్ దఫ్తరులున్న కర్ర పెట్టె తాళం చెవి నా దగ్గరే ఉన్నది. పెట్టెను నేల మీద, చుట్టిన చాపల పక్కన పెట్టించినవాడిని నేనే. పని పూర్తికాగానే తీసి బీరువాలో పెట్టాలనుకొన్నాను. రమజాన్ వచ్చింది, తరువాత పరీక్షలు వచ్చాయి, వానలు వచ్చాయి. రెండేళ్ళకు తెరిచి చూస్తే పెట్టె అడుగున మట్టి. చెదలు నాకంటె శ్రద్ధగా ఆ దఫ్తరులను చదివి ముగించాయి.

1967వ సంవత్సరపు దఫ్తరు సగం మిగిలింది. ఉర్దూ రాత కుడి నుంచి మొదలవుతుంది గనుక కుడివైపున ఉన్న వధూవరుల పేర్లు, తండ్రుల పేర్లు, వకీలు పేరు దక్కాయి. ఎడమ చివరి గడి మహర్‌ది. అక్కడ చెద తొలిచిన రంధ్రం తప్ప మరేమీ లేదు. ఆ అన్నదమ్ముల ఎదుట ఆ కాగితం పట్టుకొని నేను తలెత్తలేకపోయాను. తమ తండ్రి అప్పు తీర్చడానికి తామై వచ్చిన బిడ్డలకు ఆ లెక్క చూపలేకపోయిన వాడిని నేను.

దివ్య ఖుర్ఆన్‌లోని ఆయతులన్నింటిలో అతి పెద్దది దేనిని గురించినదో మా పిల్లలను ఏటా అడుగుతూ ఉంటాను. నమాజు అని ఒకరంటారు, స్వర్గనరకాలు అని మరొకరంటారు. అది అప్పు పత్రం గురించినది. బఖరా సూరాలోని 282వ ఆయతు. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకొన్నప్పుడు వ్రాసుకోవాలని, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని, సాక్షులను పెట్టుకోవాలని, చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగుపడరాదని, ఒకరు మరచిపోతే మరొకరు గుర్తు చేస్తారని అందులో ఎంతో వివరంగా బోధించబడింది. మనిషి మరచిపోతాడని సృష్టికర్తకు తెలుసు. అందుకే కాగితాన్నీ చెప్పాడు, మనుషుల సాక్ష్యాన్నీ చెప్పాడు. ఒకటి పోతే రెండవది నిలబడుతుంది. ఏళ్ళ తరబడి ఈ ఆయతును బోధించిన నేను పెట్టెను నేల మీద పెట్టించాను.

కాగితం పోయింది గనుక మనుషుల కోసం బయలుదేరాము.

తడ చూడనివారికి మా ప్రాంతం గురించి ఒక మాట. మద్రాసు నుంచి ఉత్తరంగా వచ్చే పెద్ద రోడ్డు ఆంధ్రలో అడుగుపెట్టే చోటు ఇది. తూర్పున పులికాట్ సరస్సు. మా పెద్దలు దానిని ప్రళయకావేరి అంటారు. వేనాడు, ఇరకం వంటి దీవులు దాని నడుమ ఉన్నాయి. రోడ్లు సరిగా లేని రోజుల్లో పెళ్ళివారూ పడవల్లోనే వచ్చేవారు, జనాజా కూడా పడవలోనే కదిలేది. ఈ తల్లి పుట్టినిల్లు సరస్సు అంచున ఉన్న ఒక చిన్న ఊరు. 1967 నాటి ఆ నికాహ్‌కు హాజరైనవారిలో ఇంకా ఎవరు బ్రతికి ఉన్నారని విచారిస్తే ఒక పెద్దమ్మ ఉన్నదని తెలిసింది. పెళ్ళికూతురి చిన్ననాటి స్నేహితురాలు. ఎనభై దాటాయి. చూపు మందగించింది, జ్ఞాపకం మందగించలేదు.

మేము వెళ్ళి సలాం చేసి కూర్చున్నాము. "నానీమా, ఫలానా ఆమె రెండో నికాహ్ మీకు జ్ఞాపకం ఉన్నదా?" అని అడిగాను. ఆమె నవ్వింది. "ఎందుకుండదు బాబా! ఆనాడు అంత రగడ అయితేనూ!" అన్నది.

ఆమె చెప్పినది ఇది. మగవారు అవతల గదిలో కూర్చొని మహర్ అయిదు వందల రూపాయలని ఖాయం చేశారు. వకీలూ సాక్షులూ అనుమతి అడగడానికి పరదా దగ్గరకు వచ్చారు. పెళ్ళికూతురి నానీ ఆ మాట విని ఒప్పుకోలేదు. నోటు ఇవాళ ఉన్నట్టు రేపుండదు, బంగారం రాయండి అన్నది. ఆనాటి ధరల్లో అయిదు వందలకూ అయిదు సవర్లకూ పెద్ద తేడా లేదు. అందుకని మగవారు రెండూ ఒకటే గదా అని కసరుకొన్నారు. అప్పుడా ముసలమ్మ రెండేళ్ళ పిల్లను ఎత్తి పరదా ఇవతల నిలబెట్టి, "ఇది తండ్రిలేని పిల్ల. రేపు దీనికి ఏదైనా మిగలాలి కదా. అయిదు సవర్లని రాస్తేనే నా మనుమరాలు ఊఁ అంటుంది" అన్నదట. చివరకు అయిదు సవర్లే రాశారు.

ఆ పిల్లే నేటి అక్క. ఆనాడు తన కోసం ఒక ముసలమ్మ పరదా వెనుక నిలబడి పోట్లాడిందని ఆమెకు అరవై ఏళ్ళు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు.

ఒక్కరి సాక్ష్యం చాలదనిపించింది. పెద్దమ్మే దారి చూపింది. "ఆ రోజు పడవ తెచ్చినవాళ్ళ పిల్లవాడు ఉన్నాడుగా, పాళెంలో. వాణ్ణి అడగండి" అన్నది. ఆ 'పిల్లవాడికి' డెబ్బై అయిదేళ్ళు దాటాయి. చేపలు పట్టేవారి పాళెంలో గడప ముందు కూర్చొని వల బాగుచేసుకొంటున్నాడు. మా ప్రశ్న విని, "ఆ పెళ్ళా సాయిబూ! మా నాయనతోపాటు నేనూ పడవలో ఉన్నాను. పొద్దు వాలుతున్నది, గాలి తిరుగుతున్నది, లోపల నికా అవ్వడం లేదు. ఏందిరా అంటే అయిదు సవర్ల కాడ ఆగిందన్నారు. చీకట్లో గెడ వేసుకొంటూ పోవలసి వచ్చింది. మా నాయన బతికినంతకాలం ఆలస్యమైతే 'అయిదు సవర్ల పెళ్ళి' అనేవాడు" అన్నాడు.

సాక్ష్యాన్ని గురించి ఫిఖహ్ గ్రంథాలలో ఎన్నో నిబంధనలున్నాయి. వాటి అవసరం రాలేదు. అన్నదమ్ములిద్దరూ అక్కడే ఆ మాటను అంగీకరించారు. అప్పు ఉన్నదని వారసులే ఒప్పుకొంటే వివాదం మిగలదు. తిరిగి వచ్చేటప్పుడు పెద్దవాడు చాలాసేపు మాట్లాడలేదు. తడ దగ్గరకు వచ్చాక అన్నాడు: "హజ్రత్, ఇప్పుడు ఆలోచిస్తే నాయన అయిదు అనే అన్నాడు. వందలు అన్న మాట నేను కలుపుకొన్నాను."

పాఠకులారా, ఈ ఒక్క మాట కోసమే నేను ఈ నెల ఇదంతా వ్రాస్తున్నాను. అంకె ఇల్లు దాటి ఇల్లు వచ్చింది, వస్తువు దారిలో జారిపోయింది. అతడు అబద్ధమాడలేదు. తండ్రి సగం చెప్పాడు, కొడుకు సగం విన్నాడు, మిగిలిన సగాన్ని కాలం తనకు తోచినట్టు పూరించింది. మన పూర్వుల గురించి మనం చెప్పుకొనేవాటిలో ఇటువంటి 'వందలు' ఎన్ని చేరాయో ఒక్కసారి ఆలోచించండి.

ఈ ప్రమాదాన్ని మన ఉమ్మత్ మొదటి తరంలోనే గుర్తించింది. హిజ్రీ 12వ సంవత్సర ప్రాంతంలో యమామా యుద్ధంలో ఖుర్ఆన్ కంఠస్థం చేసిన సహాబాలు అనేకులు అమరులయ్యారు. హజ్రత్ ఉమర్ (రజి) కలత చెంది, ఖుర్ఆన్‌ను ఒకచోట గ్రంథస్థం చేయించమని ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి)ను కోరారు. దైవప్రవక్త (స) చేయని పనిని నేనెట్లా చేయను అని ఆయన మొదట సంకోచించి, తరువాత ఒప్పుకొన్నారు. ఆ భారం హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) మీద పడింది. తనకు కంఠస్థమై ఉన్నా ఆయన తన జ్ఞాపకం ఒక్కదాని మీదనే ఆధారపడలేదు. ఖర్జూర మట్టల మీద, పలుచని తెల్లరాళ్ళ మీద వ్రాసి ఉన్నవాటినీ, మనుషుల హృదయాలలో ఉన్నదానినీ పోల్చి చూసి సమకూర్చారు. వ్రాతా, నోటి సాక్ష్యమూ రెండూ కలిస్తేనే ఆయన మనసు కుదుటపడింది. మరికొన్ని దశాబ్దాల తరువాత, క్రీస్తుశకం 717 నుంచి 720 వరకు పాలించిన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) మదీనాలోని అబూబక్ర్ బిన్ హజ్మ్‌కు లేఖ వ్రాసి హదీసులను వ్రాయించమన్నారు. పండితులు ఒక్కొక్కరే వెళ్ళిపోతే విద్య మాసిపోతుందని ఆయన భయం.

హదీసు పండితులు మరొక అడుగు ముందుకు వేశారు. ఈ మాట నీకు ఎవరు చెప్పారు, వారికి ఎవరు చెప్పారు అని మొదటిదాకా అడిగారు. ఈ గొలుసునే సనదు అంటాము. చెప్పినవారు సత్యవంతులా, ఇద్దరూ నిజంగా కలుసుకొన్నారా, ముసలితనంలో జ్ఞాపకం చెదిరిందా అని విచారించారు. చెదిరితే, చెదరకముందు చెప్పినది వేరు, తరువాత చెప్పినది వేరు అని విడదీశారు. ఎంత పుణ్యాత్ముడైనా జ్ఞాపకం బలహీనమైతే అతని మాట బలహీనమనడానికి వెనుకాడలేదు. ప్రేమ వేరు, ప్రమాణం వేరు.

మద్రసాలో చదువు ముగించిన నాడు నాకు కూడా హదీసు సనదు ఇచ్చారు. మా గురువు పేరు, ఆయన గురువు పేరు, అట్లా పైకి పోయి దైవప్రవక్త (స) వరకూ చేరే గొలుసు అందులో ఉన్నది. దానిని చట్రం కట్టించి గోడకు పెట్టుకొన్నాను. సరస్సు నుంచి తిరిగి వచ్చిన రాత్రి దాని ఎదుట కూర్చొని, మా తండ్రివైపు నాలుగవ తరం పేర్లు చెప్పుకొందామని చూశాను. మగవారివి మూడు తరాలు వచ్చాయి. ఆడవారివి రెండు తరాల దగ్గర ఆగిపోయాయి. మా తాతగారి తల్లి పేరు నాకు తెలియదు. అడగడానికి ఇప్పుడు మా ఇంట పెద్దలెవరూ లేరు.

మా ప్రాంతంలో ఈ గొలుసు తెగడానికి ప్రత్యేకమైన కారణాలు కూడా ఉన్నాయి. మేము సరిహద్దు మనుషులము. 1953 దాకా ఇదంతా మద్రాసు రాష్ట్రం. ఆ యేడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1960లో హద్దులు మళ్ళీ సరిచేసినప్పుడు కొన్ని ఊళ్ళు అటు, కొన్ని ఊళ్ళు ఇటు అయ్యాయి. 2022 ఏప్రిల్‌లో తడ నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మనుషులు కదలకపోయినా కాగితాలున్న కచేరీలు మారుతూ వచ్చాయి. మా ఇళ్ళలో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, సంతలో అరవం. తాతలు ఉర్దూలో వ్రాశారు, మనుమలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చదువుతున్నారు. సరిహద్దు అవతల పళవేర్కాడులో మన బంధువర్గంలోని లబ్బైల ఇళ్ళలో అర్వీ లిపి ఉన్నది. అరబీ అక్షరాలతో అరవాన్ని వ్రాసే పద్ధతి అది. అందులో వ్రాసిన మతగ్రంథాలు చదివే తరతరాల స్త్రీలు దీనిని నేర్చుకొన్నారు. నేడు చదవగలిగినవారు అరుదు. లిపి పోతే కాగితం చేతిలో ఉన్నా మాట దక్కదు.

అదే పళవేర్కాడులో చిన్న పళ్ళివాసల్ ఆవరణలో ఒక ఎండ గడియారం ఉన్నది. నీడను చూసి నమాజు వేళ తెలుసుకొన్న కాలపు గుర్తు అది. డచ్చివారు అక్కడ 1613లో గెల్డ్రియా కోట కట్టుకొని ఈ తీరపు నేత బట్టలను తూర్పు దీవులకు పంపారు. నేటికీ మలేషియాలో పురుషులు మసీదుకు కట్టుకొని వెళ్ళే గళ్ళ లుంగీని 'పెలికాట్' అంటారు. మన పులికాట్ పేరే అది. సముద్రం అవతల వారి నడుముకు చుట్టుకొని ఉన్న మన ఊరి పేరు మన పిల్లలలో ఎందరికి తెలుసు? నేను ఒక తరగతిలో అడిగితే ఒక్క చేయి కూడా లేవలేదు. తప్పు పిల్లలది కాదు. వారికి చెప్పినవారు లేరు.

ఇటువంటివన్నీ పోగొట్టుకొన్నాక అద్దాల పెట్టెలో పెట్టి చూసుకోవడం వారసత్వం కాదు. నడుస్తూ ఉన్నదే వారసత్వం. ఒకప్పుడు దక్కన్‌లో సూఫీ పెద్దలు తిరగలి దగ్గర పాడుకొనే చక్కీనామాలు, రాట్నం దగ్గర పాడుకొనే చర్ఖానామాలు కూర్చారు. చదువురాని తల్లులు పిండి విసురుతూ అల్లాహ్ నామాన్ని స్మరించేవారు. ఒడిలోని బిడ్డ పాలతోపాటు తౌహీద్‌ను తాగేవాడు. తిరగలి పోయింది. దానికి విచారించవలసిన పని లేదు, మిక్సీ వల్ల మన తల్లుల భుజాలకు విశ్రాంతి దొరికింది. అయితే ఆ పనివేళ జరిగిన బోధన ఏ వేళకు మారింది? ఆ చోటు ఖాళీగా ఉన్నదా, ఫోను ఆక్రమించుకొన్నదా? ఇంటింటా అడుగవలసిన ప్రశ్న ఇది.

మన తెలుగు ముస్లిములలో మంచి ఉదాహరణలు లేకపోలేదు. బుర్రకథకు ప్రాణం పోసిన షేక్ నాజర్ గారు గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో 1920లో పుట్టారు. ఆయన జీవితకథ 'పింజారి' మనకు దక్కినదంటే, అంగడాల వెంకట రమణమూర్తి గారు ఆయన చెప్పినది విని అక్షరాలలో పెట్టినందువల్లనే. చెప్పేవారికి తీరిక ఉన్నది, వినేవారికి ఓపిక ఉన్నది, అందుకే దక్కింది. దూదిని ఏకే విల్లు మూలనపడినా ఆ వృత్తి పేరును తలెత్తుకొని చెప్పుకొన్న పుస్తకం నిలిచింది. మా సరస్సు విషయంలో స.వెం.రమేశ్ గారు 'ప్రళయకావేరి కథలు' వ్రాసి దీవుల మాటలను, తిండిని, చెట్లను, చేపల పేర్లను పదిలపరిచారు. ఒక కులానిదో ఒక మతానిదో కాని జ్ఞాపకం అది. మా అయిదు సవర్ల మాట సగం పెద్దమ్మ దగ్గర, సగం పాళెంలో దొరికినట్టే, మన జ్ఞాపకాలు చాలామటుకు పొరుగువారి ఇళ్ళలో దాచి ఉన్నాయి. వారివి మన దగ్గర ఉన్నాయి. పొరుగుతో మాటలు మానుకొంటే మన చరిత్రలో సగం మనమే పారవేసుకొన్నట్టు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తాతలు చేశారన్నంత మాత్రాన ప్రతిదీ ధర్మం కాదు. మా పూర్వులను ఇట్లాగే చూశామన్న మాటను సత్యానికి అడ్డుగా పెట్టినవారిని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల మందలించింది. అట్లాగని పాతదంతా పారవేయమనీ షరీఅత్ చెప్పలేదు. షరీఅత్‌కు విరుద్ధం కాని ఆచారానికి విలువ ఉన్నదని ఫుఖహాల ప్రసిద్ధ సూత్రం. కాబట్టి జల్లెడ పట్టాలి. పెళ్ళిలో కట్నం అడగడం కూడా మా ఆచారమే అనేవారున్నారు. అది జల్లెడలో పైన మిగిలే పొట్టు. పరదా వెనుక నిలబడి అనాథ పిల్ల కోసం బంగారం వ్రాయించిన నానీ నిలిపినది కిందికి దిగే పిండి. రెండింటినీ ఒకే సంచిలో కట్టి 'మన సంప్రదాయం' అని మోయకూడదు. వంశం పేరు చెప్పి గొప్పలు పోవడమూ జ్ఞాపకం కాదు. జాతులుగా, తెగలుగా చేసినది ఒకరినొకరు తెలుసుకోవడానికేనని అల్లాహ్ హుజురాత్ సూరాలో తెలియజేశాడు.

సోదరులారా, సోదరీమణులారా! ఈ నెల మీ ఇంట చేయదగిన పనులు కొన్ని సూచిస్తాను. డబ్బు ఖర్చు లేనివే.

ఒక నోటు పుస్తకం తీసుకొని తల్లివైపు, తండ్రివైపు తెలిసినన్ని తరాల పేర్లు వ్రాయండి. ఆడవారి పేర్లు తప్పక వ్రాయండి. 'ఫలానా వారి భార్య' అని వ్రాసి ఊరుకోవద్దు. ప్రతి మాట పక్కన అది ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో వ్రాయండి. అది మీ ఇంటి సనదు. ఇద్దరు రెండు విధాలుగా చెబితే రెండూ వ్రాయండి. నచ్చినది ఉంచి నచ్చనిది కొట్టివేయకండి.

ఇంట పెద్దల నికాహ్ వివరాలు, మహర్ ఎంత, చెల్లిందా లేదా అన్నది వారు బ్రతికి ఉండగానే అడిగి వ్రాయండి. అడగడానికి మొహమాటపడకండి. ఆ మొహమాటమే రేపు ఒక ఆడపిల్ల హక్కును మింగుతుంది. చెల్లించనివారు ఈ రోజే చెల్లించండి.

ఉర్దూలో, అర్వీలో, పారసీలో ఉన్న పాత కాగితాలను చదవగలిగిన పెద్దలు ఉన్నంతలో వారిచేత చదివించి తెలుగులో ప్రతి వ్రాయించండి. ఫోనుతో బొమ్మ తీసి ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచండి. ఖబరస్తాన్‌లో పేర్లున్న రాళ్ళను కూడా చదివి వ్రాసుకోండి. గోరీలను అలంకరించమని నా ఉద్దేశం కాదు, అక్కడ ఎవరు పడుకొని ఉన్నారో తెలిస్తే దుఆ చేసేటప్పుడు పేరు పెట్టి చేయవచ్చు.

పిల్లలకు ఫోను ఇవ్వక తప్పదనుకొంటే, వారంలో ఒక సాయంకాలం ఆ ఫోనులోనే దాదీ మాటనో నానీ మాటనో రికార్డు చేసే పని అప్పగించండి. ఏం అడగాలో వారికి నేర్పండి. నీ చిన్నతనంలో ఇఫ్తారుకు ఏముండేది, ఖుర్ఆన్ ఎవరి దగ్గర నేర్చుకొన్నావు, కరువు వచ్చినప్పుడు ఏం తిన్నారు, పక్కింటివారు ఎవరు, నీకు అన్యాయం జరిగినప్పుడు ఎవరు నిలబడ్డారు. ఇంత చాలు. ఒక్క షరతు, వినేటప్పుడు మధ్యలో అందుకొని పూరించవద్దు. 'వందలు' అట్లాగే చేరతాయి.

మా మద్రసాలో షవ్వాల్ నుంచి ఈ పని మొదలుపెట్టాము. మిగిలిన దఫ్తరులను ఇనుప బీరువాలోకి మార్చాను. పెద్ద తరగతి పిల్లలు ఒక్కొక్క పుటను తెలుగులోకి ఎత్తి వ్రాస్తున్నారు. చెద తిన్న చోట ఖాళీ వదలి 'ఇక్కడ పోయింది' అని వ్రాయమన్నాను. ఊహించి నింపవద్దన్నాను. 1967 పుటలో మహర్ గడి కూడా ఖాళీగానే ఉన్నది. కాని దాని కింద ఒక వాక్యం చేర్చాము. ఫలానా తేదీన ఫలానా ఇద్దరు పెద్దలు చెప్పగా విని వారసులు అంగీకరించిన మేరకు అయిదు సవర్ల బంగారం అని.

అన్నదమ్ములు తండ్రి ఆస్తి నుంచి అయిదు సవర్లు తీసి తెచ్చారు. నా ఎదుటనే అయిదు భాగాలయ్యాయి. తమ నాలుగు భాగాలను వారేం చేశారన్నది వారి ఇంటి విషయం, ఇక్కడ వ్రాయను. అక్క తన సవర చేతిలోకి తీసుకొని చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తరువాత అడిగిన మాట మాత్రం వ్రాస్తాను. "హజ్రత్, ఆ నానీ పేరేమిటి?"

దఫ్తరులో ఆ పేరు లేదు. పాళెంలో తెలియదు. పెద్దమ్మ కూడా ఆమెను నానీ అనే పిలిచేదట, పేరు గుర్తుకు రాలేదు. ప్రతి జుమా తరువాత ఆ అక్క కొడుకు పెద్దమ్మ దగ్గరకు వెళ్ళి కూర్చొని వస్తున్నాడు. ఒక్కొక్కనాడు ఒక్కొక్కటి ఆమెకు జ్ఞాపకం వస్తున్నది. ఆ పేరు ఇంకా రాలేదు.

పేరు మనకు తెలియకపోయినా అల్లాహ్‌కు తెలుసు. ఆయన దగ్గర ఏ పుట చెద పట్టదు. అల్లాహ్ ఆ తల్లిని తన కారుణ్యంలో చేర్చుకొనుగాక! మన పెద్దలు మన చేతిలో పెట్టిన అమానతును పాడుచేయకుండా, కలుపుకోకుండా, తగ్గించకుండా మన పిల్లలకు అందించే భాగ్యం మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.